కాదనగలిగే సాయం

(డాక్టరుగారి స్మారకోపన్యాసం. ముద్రణ కోసం స్వల్పంగా సవరించిన పాఠం)



డాక్టరుగారి గుణగణాలు వల్లించవద్దని, ఆయనకు ఇష్టమైన విషయం ఏదైనా తీసుకుని మాట్లాడమని నిర్వాహకులు ముందే కోరారు. అందుకని ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ వారంలోనే డాక్టరుగారు తన కాంపౌండరును, రెండు పెట్టెల మందులను వెంటబెట్టుకుని అవనిగడ్డ వైపు వెళ్లారు. అప్పటికే నలుమూలల నుంచి లారీల మీద సాయం వచ్చిపడుతోంది. మందుల పెట్టెలు విప్పి చూస్తే గడువు తీరిన టానిక్కులు, పేరు చెరిగిపోయిన మాత్రల సీసాలు. ఆయన వాటిని ఏరించి, గొయ్యి తవ్వించి పూడ్పించేశారు. పంపినవారికి కోపం వచ్చింది. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతావా అని నిలదీశారట. "లెక్కపెట్టాల్సిందే. ఆ పాలు తాగేది నేను కాదు గదా" అన్నారట డాక్టరుగారు.

సహాయ సంస్థల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఎన్ని దేశాలు, ఎంతమంది రోగులు, ఎన్ని టన్నుల మందులు అని లెక్క చెబుతాం. ఈ సాయంత్రం నేను వేరే లెక్క చెప్పదలచుకున్నాను. ప్రపంచమంతా ఎరిగిన ఒక వైద్య సహాయ సంస్థ యాభై ఏళ్ల పైచిలుకు చరిత్రలో దేన్ని దేన్ని కాదన్నది, ఎందుకు కాదన్నది, ఆ కాదనడానికి మూల్యం ఎవరు చెల్లించారు అన్నదే ఆ లెక్క. ఆ సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్. ఫ్రెంచి పేరులోని పొడి అక్షరాలతో ఎం.ఎస్.ఎఫ్. అంటారు.

మౌనం మీద తిరుగుబాటు

కథ రెడ్‌క్రాస్‌తో మొదలుపెట్టాలి. 1859లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో దిక్కులేకుండా పడివున్న క్షతగాత్రులను చూసి చలించిన హెన్రీ డ్యునాంట్ చొరవతో 1863లో జెనీవాలో ఆ సంస్థ పుట్టింది. దాని బలమంతా ఒక నియమంలో ఉంది. ఎవరి పక్షమూ వహించదు, చూసింది బయట చెప్పదు. అందువల్లే శత్రుదేశాల జైళ్ల తలుపులు దానికి తెరుచుకుంటాయి. ఆ నియమం ఎంతోమంది యుద్ధఖైదీల ప్రాణాలు కాపాడింది. అదే నియమం 1942 అక్టోబరు 14న అగ్నిపరీక్షకు నిలబడాల్సి వచ్చింది. యూదుల తరలింపు గురించి, హత్యల గురించి సమాచారం అందుతున్న రోజులవి. బహిరంగంగా ఒక విజ్ఞప్తి చేయాలా వద్దా అని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సమావేశమై చర్చించి, చివరికి చేయకూడదనే తీర్మానించింది. ఆ మౌనం తప్పేనని తర్వాతి దశాబ్దాల్లో ఆ సంస్థే అంగీకరించింది.

పాతికేళ్లు గడిచాయి. 1967లో నైజీరియా నుంచి విడిపోతున్నామని బయాఫ్రా ప్రాంతం ప్రకటించింది. యుద్ధం మొదలైంది. నైజీరియా ప్రభుత్వం చుట్టూ దిగ్బంధం పెట్టింది. ఫ్రెంచి రెడ్‌క్రాస్ తరఫున కొందరు కుర్ర డాక్టర్లు అక్కడికి వెళ్లారు. వారిలో బెర్నార్డ్ కుష్నేర్, మాక్స్ రెకామియే ఉన్నారు. ఆస్పత్రులకు వచ్చే పిల్లల పాదాలు నీరు పట్టి ఉబ్బి ఉండేవి, పొట్టలు ముందుకు వచ్చేవి, జుట్టు రాగి రంగుకు తిరిగి ఊడిపోయేది. వైద్యవిద్యార్థులు క్వాషియోర్కర్ అని పుస్తకాల్లో చదువుకునే జబ్బు అది. మాంసకృత్తులున్న తిండి దొరకనివ్వకపోతే వచ్చే జబ్బు. దొరకనివ్వకపోతే అన్నమాటను గమనించండి. అక్కడ కరువు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ డాక్టర్లు నోరు విప్పబోమని సంతకం పెట్టి వెళ్లినవారే. తిరిగి వచ్చాక మాత్రం పారిస్ పత్రికల్లో చూసిందంతా చెప్పారు.

ఈ ఘట్టాన్ని వీరగాథగా చెప్పుకోవడం తేలిక. దానికి రెండో ముఖం కూడా ఉంది. ఆకలితో అలమటించే పిల్లల ఫొటోలు బయాఫ్రా నాయకత్వానికి యుద్ధ ప్రచారంలో ఆయుధంగా పనికొచ్చాయి. ఆ ప్రచారానికి వాళ్లు జెనీవాలో ఒక సంస్థను కూడా కుదుర్చుకున్నారు. నోరు విప్పిన డాక్టరు మాటను ఎవరో ఒకరు తమ అవసరానికి వాడుకుంటారు. మౌనానికి ఎలా వెల ఉందో మాటకూ అలాగే ఉంది. ఎం.ఎస్.ఎఫ్. చరిత్ర పొడుగునా ఈ చిక్కు వెంటాడుతూనే వచ్చింది.

1970 నవంబరులో మన బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను నాటి తూర్పు పాకిస్తాన్‌ను తుడిచిపెట్టింది. కనీసం 3 లక్షల మంది పోయారని అంచనా. పారిస్‌లో 'టోనస్' అనే వైద్యపత్రిక నడిపే జర్నలిస్టులు ఆ విపత్తు చూసి, డాక్టర్లు ముందుకు రావాలని పిలుపునిచ్చారు. బయాఫ్రా నుంచి వచ్చిన డాక్టర్లు, ఈ పత్రికవాళ్లు కలిశారు. 1971 డిసెంబరు 22న సంస్థ ఏర్పడింది. వ్యవస్థాపకులు 13 మంది, పేరిచ్చిన వాలంటీర్లు 300 మంది. చూసింది బయట చెప్పకూడదన్న కట్టుబాటు ఆ తొలి నియమావళిలోనూ ఉంది! మౌనాన్ని కాదని బయటికి వచ్చినవాళ్లే ఆ మౌనాన్ని మళ్లీ రాసుకున్నారు. దాన్ని వదిలించుకోవడానికి వాళ్లకు కొన్నేళ్లు పట్టింది.

ఉత్సాహం చాలదు, పెట్టె కావాలి

మొదటి పెద్ద యాత్ర 1972 డిసెంబరులో. నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం వచ్చింది. ఎం.ఎస్.ఎఫ్. చేరేసరికి మూడు రోజులైంది. రెడ్‌క్రాస్ అప్పటికే పని చేస్తోంది. 1974లో హోండురస్ తుఫాను, ఆ తర్వాత థాయ్‌లాండ్‌లో కంబోడియా శరణార్థి శిబిరాలు, 1976లో బీరూట్. అన్నిచోట్లా ఎదురైన లోటు ఒకటే. డాక్టర్లు వస్తున్నారు, చేతికి సామాను అందడం లేదు.

1979లో సంస్థ చీలిపోయింది. వియత్నాం నుంచి పడవల్లో పారిపోతున్నవారి కోసం ఒక ఓడను పంపాలన్నాడు కుష్నేర్. ప్రపంచం దృష్టి పడుతుందన్నది ఆయన వాదన. ఒక్క ఓడతో ప్రదర్శనే తప్ప పని జరగదని, శిబిరాల్లో ఏళ్ల తరబడి నిలబడే వ్యవస్థ కావాలని క్లోద్ మాల్యురే, రోనీ బ్రోమన్ వంటి యువకుల వాదన. కుష్నేర్ బయటికి వెళ్లి 1980లో మరో సంస్థ పెట్టుకున్నాడు. మిగిలినవాళ్లు సామాను సంగతి పట్టించుకున్నారు.

సామానును ఒక కొలిక్కి తెచ్చిన మనిషి జాక్ పినెల్. వృత్తికి ఫార్మసిస్టు. ఏ విపత్తుకు ఏమేం కావాలో ముందే లెక్కగట్టి, పెట్టెల్లో సర్ది, గోదాములో సిద్ధంగా ఉంచే పద్ధతిని ఆయన నిలబెట్టాడు. కలరా పెట్టెలో సెలైన్, సూదులు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలతో పాటు బకెట్లు, క్లోరిన్, కాగితాలు, పెన్నులు కూడా ఉంటాయి. ఫోను వచ్చిన కొద్ది గంటల్లో పెట్టెలు విమానం ఎక్కాలి. 1986లో ఫ్రాన్స్‌లో దీనికోసమే ప్రత్యేక విభాగం పెట్టారు. ఇవాళ తుఫాను హెచ్చరిక రాగానే మన రెవెన్యూ అధికారులు బియ్యం, మందులు ముందే గ్రామాలకు చేర్చడం చూస్తున్నాం. సూత్రం అదే.

ఇంకో చిన్న పనిముట్టు చూపిస్తాను. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ రంగుల పట్టీ. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇది కొత్త కాదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ ఎడమ చేతి దండకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, దీన్ని చుట్టాలి. బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఎరుపు దగ్గర ఆగుతుంది. అంటే బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నట్టు. 12.5 లోపు పసుపు. ఆపైన ఆకుపచ్చ. తూకం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అక్షరం రాని తల్లి కూడా చూడగలదు. 11.5 సెంటీమీటర్లంటే ఎంతో ఇంటికి వెళ్లాక మీ మనవడి చేతికి దారం చుట్టి చూడండి. ఎరుపు దగ్గర ఆగిన బిడ్డకు ఒకప్పుడు ఆస్పత్రిలో వారాల తరబడి పాలపొడి కలిపి పట్టేవారు. నీళ్లు మంచివి కాకపోతే ఆ పాలే విషం. 1996లో ఫ్రాన్స్‌లో వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, పంచదార, విటమిన్లు కలిపి 92 గ్రాముల పొట్లం తయారుచేశారు. ఒక్కోదానిలో 500 కేలరీలు. నీళ్లు కలపనక్కర్లేదు, తల్లి ఇంటి దగ్గరే తినిపించవచ్చు. 2005లో నైజర్ దేశపు కరువులో ఎం.ఎస్.ఎఫ్. ఈ పద్ధతిన 60 వేలకు పైగా పిల్లలకు చికిత్స చేసింది. ఆస్పత్రి మంచాలు ఎన్ని ఉన్నాయో అంతమందికే వైద్యం అన్న హద్దు దానితో తొలగిపోయింది.

ఇక్కడ ఉండలేం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1984లో ఇథియోపియా కరువు దృశ్యాలు టీవీల్లో చూసి ప్రపంచం కదిలిపోయింది. 1985లో లైవ్ ఎయిడ్ సంగీత కచేరీలు జరిగాయి, విరాళాలు వెల్లువెత్తాయి. ఎం.ఎస్.ఎఫ్. ఫ్రెంచి విభాగం కోరెం వంటి శిబిరాల్లో పనిచేస్తోంది. అక్కడి డాక్టర్లకు ఒక సంగతి అర్థమైంది. దేశాన్ని ఏలుతున్న మెంగిస్తు ప్రభుత్వం ఉత్తరాది జనాన్ని బలవంతంగా లారీల్లో, విమానాల్లో దక్షిణాదికి తరలిస్తోంది. తిరుగుబాటుదార్లకు ఆ ప్రాంతంలో జనబలం లేకుండా చేయడమే దాని లక్ష్యం. తిండి కోసం వచ్చినవారిని అక్కడికక్కడే పట్టి ఎక్కిస్తున్నారు. దాతలు పంపిన ధాన్యమే జనాన్ని రప్పించే ఎరగా మారింది. దారిలోనూ, దిగిన చోటా వేల సంఖ్యలో చనిపోతున్నారు. ఎం.ఎస్.ఎఫ్. ఈ సంగతి బయటపెట్టింది. 1985 డిసెంబరులో ప్రభుత్వం ఫ్రెంచి విభాగాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. మిగతా సంస్థలు చాలామటుకు నోరు మెదపకుండా అక్కడే ఉండిపోయాయి.

ఎవరు చేసింది ఒప్పు? ఉండిపోయినవాళ్లు కొన్ని వేలమందికి తిండి పెట్టారు. వెళ్లిపోవాల్సి వచ్చినవాళ్లు శిబిరంలోని తమ రోగులను పోగొట్టుకున్నారు. అయితే బయటపెట్టిన నిజం వల్ల దాతదేశాలు ప్రశ్నలు అడిగాయి, తరలింపు కొంతకాలం ఆగింది. లెక్కల్లో ఎవరిది పైచేయో నేను తేల్చను. ఒకటి మాత్రం తేల్చి చెప్పగలను. తన సాయం ఎవరి చేతిలో ఏ ఆయుధమవుతోందో చూడని సంస్థకు దయ ఉంటే ఉండవచ్చు, బాధ్యత లేదు.

ఇంతకంటే కఠినమైన పరీక్ష 1994లో వచ్చింది. ర్వాండాలో మూడు నెలల్లో టుట్సీ తెగవారిని లక్షల సంఖ్యలో ఊచకోత కోశారు. ఎం.ఎస్.ఎఫ్. ర్వాండా సిబ్బందిలోనే ఎందరో హతులయ్యారు. మారణకాండను ఆపడం డాక్టర్ల వల్ల కాదని, సైన్యం దిగాలని ఆ సంస్థ బహిరంగంగా కోరింది. జూలైలో పరిస్థితి తిరగబడింది. ఓడిపోయిన హంతకులు, వారి కుటుంబాలు, వారు తోలుకొచ్చిన సామాన్యులు కలిసి పది లక్షల మంది వరకు పొరుగున ఉన్న నాటి జైర్‌లోని గోమా వైపు కొద్ది రోజుల్లో తరలివచ్చారు. లావా రాతినేల. గొయ్యి తవ్వడానికి లేదు, నీళ్లు లేవు. కలరా వచ్చి వేలకు వేలు పోయారు. డాక్టర్లు రాత్రింబవళ్లు పనిచేసి అంటువ్యాధిని అదుపులోకి తెచ్చారు. అదుపులోకి వచ్చాక శిబిరాన్ని ఎవరు ఏలుతున్నారో కనబడింది. తిండి పంపకం హంతక నాయకుల చేతుల్లో ఉంది. లేని మనుషుల పేర్లు రాసి, మిగిలిన ధాన్యం అమ్మి, మళ్లీ యుద్ధానికి సిద్ధమవుతున్నారు.

1994 చివర్లో ఫ్రెంచి విభాగం ఆ శిబిరాల నుంచి తప్పుకుంది. బెల్జియం, డచ్చి విభాగాలు వెంటనే రాలేదు. ఆ శిబిరాల్లో పిల్లలున్నారు, గర్భిణులున్నారు, వాళ్లేం పాపం చేశారన్నది వారి ప్రశ్న. లోపలుండి ఒత్తిడి తెస్తామని ప్రయత్నించి, కుదరక 1995లో వాళ్లూ బయటికి వచ్చారు. ఒకే సంస్థ, ఒకే నియమావళి, రెండు జవాబులు. వాదన దాచుకోలేదు, పత్రాలన్నీ తర్వాత తామే అచ్చువేశారు. సహాయ సంస్థ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ బహిరంగ తగువే. 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వేదిక మీద కూడా ఆ సంస్థ అధ్యక్షుడు జేమ్స్ ఆర్బిన్‌స్కీ కృతజ్ఞతలతో సరిపెట్టకుండా, చెచెన్యాలో పౌరుల మీద బాంబులు ఆపాలని రష్యాను ఉద్దేశించి మాట్లాడారు.

ఈ డబ్బు వద్దు

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాలూ దెబ్బతిన్నాయి. ప్రపంచవ్యాప్తంగా విరాళాలు కుప్పతెప్పలుగా వచ్చాయి. పట్టుమని పది రోజులు తిరగకుండానే, సునామీ కోసం తమకు కావలసినంత వచ్చేసిందని, ఇక ఈ పద్దు కింద పంపవద్దని ఎం.ఎస్.ఎఫ్. ప్రకటించింది. ఇచ్చినవారికి ఉత్తరాలు రాసి, మీ డబ్బును టీవీల్లో కనబడని వేరే విపత్తులకు వాడుకోవచ్చా అని అడిగింది. చాలామంది సరేనన్నారు. తోటి సంస్థలు మండిపడ్డాయి, మా విరాళాలకు గండి కొట్టారని. అలా మళ్లించిన డబ్బే డార్ఫుర్‌కు, నైజర్ కరువుకు, కాశ్మీర్ భూకంపానికి ఉపయోగపడింది.

2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి, దాని సభ్యదేశాల నుంచి నిధులు తీసుకోబోమని చెప్పింది. శరణార్థులను టర్కీకి వెనక్కి పంపే ఒప్పందం చేసుకున్న చేతుల నుంచి, ఆ శరణార్థుల వైద్యానికి డబ్బు పుచ్చుకోలేమన్నది కారణం. అదే ఏడాది అక్టోబరులో ఫైజర్ కంపెనీ ఉచితంగా ఇస్తానన్న పది లక్షల డోసుల న్యుమోనియా టీకాను వద్దంది. ఇది వినగానే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. వాళ్ల వాదన ఇది: ఉచితం ఎంతకాలం ఇవ్వాలో కంపెనీ ఇష్టం. ఉచితం చాటున ధర మాత్రం దిగదు. శిబిరంలో బిడ్డకు టీకా దొరుకుతుంది, పక్కనున్న పేద దేశపు ప్రభుత్వం కొనలేక చేతులెత్తేస్తుంది. మాకు దానం వద్దు, అందరికీ ధర తగ్గించండి అన్నారు. కొద్ది వారాల్లో, మానవతా సంస్థలకు తక్కువ ధరకు అమ్ముతామని ఆ కంపెనీ ప్రకటించింది.

ఇలా కాదనగలగడం వెనక గొప్ప త్యాగబుద్ధి ఉందనుకుంటే పొరపాటు. దాని వెనక ఉన్నది లెక్కల పుస్తకం. ఆ సంస్థ ఆదాయంలో 95 శాతానికి పైగా వచ్చేది ప్రభుత్వాల నుంచి కాదు, 70 లక్షల మందికి పైగా ఉన్న మామూలు దాతల నుంచి. నెలనెలా చిన్న మొత్తాలు పంపే పింఛనుదార్లు, గుమస్తాలు, టీచర్లు. ఒక పెద్ద దాతను నమ్ముకున్న సంస్థకు ఆ దాత ముందు నోరు పెగలదు. లక్షల మంది చిన్న దాతలున్న సంస్థ ఎవరినైనా కాదనగలదు.

హైదరాబాదు మాత్రలు

ఇక మన ఊళ్ల దాకా వచ్చే కథ. 2000 ప్రాంతంలో ఎయిడ్స్ మందులు ఒక రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైన పడేవి. ఆఫ్రికాలో రోగులు మందు ఉందని తెలిసి, కొనలేక చనిపోయేవారు. 2001 ఫిబ్రవరిలో భారతదేశపు సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సను ఎం.ఎస్.ఎఫ్.కు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించింది. దక్షిణాఫ్రికాలో ఖయెలిట్షా అనే పేదల వాడలో ఆ ఏడాదే చికిత్స మొదలైంది. చదువులేని పేదలు వేళకు మాత్రలు వేసుకోలేరని నిపుణులు కొందరు అన్న మాటను ఆ రోగులే అబద్ధం చేశారు. తర్వాతి కాలంలో ఎం.ఎస్.ఎఫ్. వాడే ఎయిడ్స్ మందుల్లో 80 శాతానికి పైగా భారతీయ జెనెరిక్కులే. హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటెరో, అరబిందో వంటి కంపెనీలు ప్రపంచంలోనే పెద్ద సరఫరాదార్లయ్యాయి. జీడిమెట్లలో, పటాన్‌చెరులో మందుల పరిశ్రమ వాసన మనకు తెలుసు. ఆ పరిశ్రమ మన చెరువులకు చేసిన కీడును నేను మరిచిపోలేదు. హైదరాబాదు మాత్రలతో ఆఫ్రికాలో ఎంతమంది తల్లులు బతికి పిల్లలను పెంచుకున్నారో కూడా అదే కాగితం మీద రాసుకోవాలి.

2005లో మన పేటెంటు చట్టం మారింది. గ్లీవెక్ అనే రక్తక్యాన్సర్ మందుకు పేటెంటు కావాలని నోవార్టిస్ కంపెనీ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. కేసు ఉపసంహరించుకోవాలని ఎం.ఎస్.ఎఫ్. ప్రపంచమంతటా సంతకాలు సేకరించింది. పేటెంటును సవాలు చేసినవారిలో హైదరాబాదు నాట్కో కూడా ఉంది. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడం చట్టంలోని సెక్షన్ 3(డి) ప్రకారం కుదరదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందే 2012లో నెలకు రూ. 2.8 లక్షలున్న ఒక క్యాన్సర్ మందును రూ. 8,880కు అమ్మేలా నాట్కోకు మన ప్రభుత్వం తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. రోగి మంచం పక్కన నిలబడ్డ డాక్టరు కోర్టు మెట్ల దాకా ఎందుకు వెళ్లాలో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

మనకు ఇంకా దగ్గరి సంగతి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సాగిన సల్వాజుడుం దాడుల రోజుల్లో ఊళ్లు ఖాళీ అయి, వేలమంది గొత్తికోయ గిరిజనులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. రేషను కార్డు లేదు, ఊరికి పేరు లేదు. ఎం.ఎస్.ఎఫ్. మొబైల్ క్లినిక్కులు వారి దగ్గరికి వెళ్లాయి. వేలిమొన నుంచి చుక్క రక్తం తీసి పావుగంటలో మలేరియా తేల్చే పరీక్ష, అక్కడికక్కడే మాత్రలు, గర్భిణులకు పరీక్షలు, పిల్లలకు చికిత్స. మావోయిస్టులకు వైద్యం చేస్తున్నారన్న అనుమానాలూ తప్పలేదు. వచ్చినవాడు రోగా కాదా అన్నదే మేం చూస్తామన్నది వాళ్ల జవాబు. పేరు అడగకుండా చెయ్యి పట్టి నాడి చూసే వృత్తి మనది.

కాదనడానికి మూల్యం

ఈ సంస్థను పొగడటానికే నేను రాలేదు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా మొదలైనప్పుడు మార్చిలోనే ప్రమాదఘంటిక మోగించింది ఎం.ఎస్.ఎఫ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది ఆగస్టు 8న. ఆలోగా లైబీరియా రాజధాని మన్రోవియాలో వాళ్ల కేంద్రం నిండిపోయింది. ఉదయం పూట అరగంట మాత్రమే గేటు తెరిచేవారు. రాత్రి ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో అంతమందినే లోపలికి తీసుకునేవారు. మంచం ఎలా ఖాళీ అయిందో వేరే చెప్పనక్కర్లేదు. గేటు దగ్గర నిలబడి ఎవరిని తీసుకోవాలో, ఎవరిని తిప్పి పంపాలో నిర్ణయించిన నర్సు పరిస్థితి ఇక్కడున్న నర్సింగ్ విద్యార్థినులు ఊహించుకోండి. ప్లాస్టిక్ సూటు, రెండు జతల చేతొడుగులు, కళ్లద్దాలు. ఆ ఎండలో గంటకు మించి లోపల ఉండలేరు. సైన్యాలను ఎప్పుడూ దూరం పెట్టే ఆ సంస్థ సెప్టెంబరు 2న ఐక్యరాజ్యసమితిలో, జీవాయుధ విపత్తులకు సిద్ధమైన బలగాలను పంపమని దేశాలను అడిగింది. పాత మాట మీద పంతం పట్టి కూర్చోలేదు. ఆ పోరులో 28 మంది సిబ్బందికి జబ్బు సోకింది, 14 మంది చనిపోయారు.

2015 అక్టోబరు 3 తెల్లవారుజామున అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో వాళ్ల ఆస్పత్రిని అమెరికా యుద్ధవిమానం ధ్వంసం చేసింది. ఆస్పత్రి ఎక్కడుందో జి.పి.ఎస్. వివరాలు ముందే ఇచ్చి ఉన్నారు. 42 మంది పోయారు. వారిలో 24 మంది రోగులు, 14 మంది సిబ్బంది, నలుగురు రోగుల బంధువులు. ఆ సిబ్బందంతా అఫ్గాన్ వాళ్లే.

ఇక్కడే ఈ సంస్థలోని పెద్ద లోటు బయటపడుతుంది. దాని సిబ్బందిలో అత్యధికులు స్థానికులే. నిర్ణయాలు మాత్రం చాలాకాలం యూరప్ నగరాల్లో జరిగాయి. బయటి నుంచి వచ్చిన డాక్టరు విమానమెక్కి వెళ్లిపోగలడు, స్థానిక నర్సు వెళ్లలేదు. జీతంలోనూ, పదవిలోనూ, భద్రతలోనూ ఆ తేడా ఉంది. 2020లో దాదాపు వెయ్యి మంది ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు తమ సంస్థలో జాతివివక్ష వేళ్లూనుకుని ఉందని బహిరంగంగా లేఖ రాశారు. నాయకత్వం ఆ మాటను కొట్టిపారేయలేదు. బయటి ప్రపంచం మీద నోరు విప్పే సంస్థ, తన ఇంటి మీద కూడా నోరు విప్పనిచ్చింది. మార్పు ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యేదాకా ఆ సంస్థ గొప్పతనంలో ఆ మేరకు కోత వేయాల్సిందే.

ఇంత చెప్పాక నా తీర్పు ఇది. కాదనడం దానంతట అదే గొప్ప కాదు. మన సాయం బాధితుడికి చేరకుండా, అతన్ని బాధపెడుతున్న చేతికే బలమిస్తున్నప్పుడు కాదనాలి. కాదన్నవాళ్లు కూడా ఎంతో కొంత నష్టపోవాలి. నష్టమంతా రోగికే మిగిలితే అది నీతి కాదు, అహంకారం. కారణం నలుగురిలో చెప్పాలి. చెప్పలేని కారణం ఉంటే కాదనకూడదు.

మన సంగతికి వద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. సాయం చేయాలన్న ఆరాటం మనవాళ్లలో ఎంత ఉందో అప్పుడు మళ్లీ చూశాం. ఆ ఆరాటం వరద తీసిన వారానికి ఎక్కడికి పోతుంది? బురద ఎత్తేవాళ్లు కావాల్సిందీ, విరేచనాలు మొదలయ్యేదీ, కరెంటు మోటారు బాగుచేయించుకోలేక కూలివాడు అప్పు చేసేదీ ఆ తర్వాతే.

డాక్టరుగారి పేరున ఉన్న ఈ ట్రస్టుకు, మీకు నా విన్నపం ఇదే. విపత్తు వచ్చాక కాకుండా ఏడాది పొడుగునా ఇవ్వండి. వంద రూపాయలైనా నెలనెలా ఇవ్వండి. ఫలానా పనికే వాడాలని షరతు పెట్టకండి, ప్రతి రూపాయికీ లెక్క మాత్రం అడగండి. ట్రస్టువారు ఆ లెక్కను ఏటా ఈ హాలు గోడ మీద అంటించాలి. ఏం తీసుకుంటారో, ఏం తీసుకోరో ఆ పక్కనే రాసిపెట్టాలి. మొదటి విరాళం నాది. ఈ ఉపన్యాసానికి నాకిచ్చిన పారితోషికాన్ని ఇక్కడే ట్రస్టుకు జమచేస్తున్నాను, రసీదు రాయించండి.